అడవి దారిలో బండి జాడ – ఒక పరిశీలన

మార్కాపురం నుండి కంభం, గిద్దలూరు మీదుగా నంద్యాలకు బస్సులో పోయిన మన విద్యార్థులందరికీ ఒక అనుభవం ఉండే ఉంటుంది. దిగువమెట్ట దాటి బస్సు నల్లమలలో ప్రవేశించిన కొంతసేపటికి చేతిలోని ఫోను మూగబోతుంది. ఏ మలుపులోనో ఒకసారి ప్రాణం వచ్చినట్లు మోగి, మరల ఊరకుంటుంది. గాజులపల్లె దరిదాపులకు చేరిన పిమ్మట, అంతవరకు ఆగి ఉన్న సందేశాలన్నీ ఒక్క పెట్టున వచ్చి పడతాయి. ఇంటివారు ముప్పావు గంట క్రితం అడిగిన "ఎక్కడున్నావు?" అనే ప్రశ్నకు మనం అప్పుడు "నంద్యాల దగ్గరకు వచ్చాను" అని జవాబిస్తాము. ప్రశ్న పుట్టిన వేళ మనం అక్కడ లేము. అయినను ఇంటివారికి ఆ తేడాతో పని లేదు. క్షేమంగా ఉన్నామని తెలిస్తే చాలును.

ఆ తేడాతోనే పని ఉన్న చోట్లు కొన్ని ఉన్నవి. సరుకు లారీలను పంపే ఆఫీసు అట్టిది. రోగిని తెచ్చే అంబులెన్సును నడిపే కేంద్రం అట్టిది. ఇటువంటి చోట్ల బండ్లను పంపే పనికి ఏళ్ల క్రితమే రాయించుకొన్న పాత కంప్యూటరు ప్రోగ్రాములు ఉంటాయి. ఇటీవలి కాలంలో బండి జాడ తెలిపే యంత్రాలు వచ్చినవి. ఈ రెంటినీ జతచేయుట ఎట్లు? నడుమ సిగ్నలు లేని అడవి ఉన్నప్పుడు ఆ జత నిలుచుట ఎట్లు? ఈ వ్యాసంలో మేము పరిశీలింపదలచిన విషయం ఇదే.

కంప్యూటరు శాస్త్రం మా పాఠ్యాంశం కాదు. మేము తెలుగు చెప్పుకొనేవారము. ఈ చర్చలోనికి మేము దిగుటకు కారణం ఒక విన్నపపత్రం.

మార్కాపురంలో పలకరాయి సరుకును దూర ప్రాంతాలకు పంపే ఒక లారీ ఆఫీసు ఉన్నది. పేరుతో ఇక్కడ పని లేదు. అక్కడి గుమాస్తా మా పూర్వ విద్యార్థి. ఒకనాటి సాయంకాలం ఆయన ఒక పెద్దవయసు డ్రైవరును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. "సార్, యజమానికి ఒక అర్జీ రాసిపెట్టాలి. ఈ అన్న బత్తా ఆపేశారు. బత్తా సంగతి అటుంచండి, దొంగ అన్నారు" అని చెప్పారు.

జరిగినది ఇది. ఆ ఆఫీసులో సుమారు ఇరవై ఏళ్ల నాటి ప్రోగ్రాము ఒకటి ఉన్నది. నల్లని తెర మీద లారీ నంబరు, డ్రైవరు పేరు, సరుకు, బయలుదేరిన వేళ, చేరవలసిన ఊరు, బత్తా, చివరగా "ఉన్న చోటు" అని ఒక గడి. పూర్వం డ్రైవరు దారిలో ఏ హోటలు నుండో ఫోను చేసి చెప్పగా, గుమాస్తా ఆ గడిలో ఊరి పేరు కొట్టేవాడు. మరల ఫోను వస్తే పాత పేరు చెరిపి కొత్త పేరు రాసేవాడు. లారీలకు జాడ యంత్రాలు పెట్టించిన తరువాత ఎవరో ఒక యువకుడు ఆ రెంటినీ కలిపే చిన్న ప్రోగ్రాము రాసి ఇచ్చాడు. యంత్రం నుండి ఏ కబురు వస్తే ఆ కబురులోని చోటును ఆ గడిలో రాయును. పక్కన ఆఫీసు గడియారం చూపే వేళ వేయును. చూచుటకు ఎంతో సులువుగా, ముచ్చటగా ఉన్నది.

ఒక రాత్రి ఈ డ్రైవరు బెంగళూరు సరుకుతో గిద్దలూరు దాటాడు. 9.40కి తెర మీద దిగువమెట్ట అని పడింది. ఆ తరువాత మాట లేదు. 11.05కు గాజులపల్లె అని పడింది. యజమాని తృప్తిగా చూచుకొన్నాడు. 11.20కి చూస్తే పచ్చెర్ల అని ఉన్నది. పచ్చెర్ల అడవి నడుమ ఉన్న ఊరు. లారీ అప్పటికే దానిని దాటి వచ్చింది. అనగా బండి వెనుదిరిగి అడవిలోకి పోయినదని తెర చెప్పుచున్నది. ఫోను చేస్తే అందలేదు. అర్ధరాత్రి వేళ సరుకు బండి అడవిలోకి ఎందుకు తిరిగిపోవును? డీజిలు అమ్ముకొనుటకో, సరుకు దింపుకొనుటకో అని యజమాని నిశ్చయించుకొన్నాడు. మరునాడు డ్రైవరు ఎంత చెప్పినను వినలేదు.

"నేను వెనక్కి తిప్పలేదు సార్. ఆ ఘాట్లో లోడు బండి తిప్పుకొనే జాగా ఏది?" అని డ్రైవరు మాతో అన్నాడు. ఈ ఒక్క ప్రశ్న ఆ రాత్రి తెర ముందు కూర్చున్నవారికి తట్టి ఉంటే అర్జీతో పని లేకపోవును.

గుమాస్తా యంత్రం అమ్మినవారి వద్ద నుండి ఆనాటి కబుర్లన్నీ అచ్చువేయించి తెచ్చాడు. పొడుగాటి కాగితాలు. ప్రతి వరుసలోను అక్షాంశము, రేఖాంశము, వేగము, వేళ. వాటి నడుమ కొన్ని వరుసలలో "ఎల్" అని, కొన్నింటిలో "హెచ్" అని ఒక అక్షరం. ఆ అక్షరం ఏమిటని మేము అమాయకంగా అడిగితిమి. గుమాస్తాకు తెలియదు. తెలిసినవారిని అడిగి వారం దినములలో తెలుసుకొన్నాము. వ్యవహారమంతా ఆ అక్షరంలోనే ఉన్నది.

2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తరువాత ప్రజా రవాణా వాహనాల జాడ తెలియాలన్న ఆలోచన బలపడింది. 2016 నవంబరు 28న కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమాలలో దీనికొక నియమం చేర్చింది. 2019 జనవరి 1 నుండి కొత్తగా రిజిస్టరయ్యే ప్రజా రవాణా వాహనాలకు అది వర్తించింది. ఆ యంత్రం ఎట్లుండవలెనో చెప్పే ప్రమాణానికి ఎ.ఐ.ఎస్.–140 అని పేరు. సరుకు లారీలవారు కూడా ఇటువంటి యంత్రాలనే పెట్టించుకొంటున్నారు. ఈ ప్రమాణాన్ని రాసినవారు మన నల్లమల వంటి చోట్లను మరచిపోలేదు. సిగ్నలు లేని చోట యంత్రం తన జాడను తనలోనే రాసి ఉంచుకొనవలెను. కనీసం 40,000 వరుసలు దాచుకొనగల శక్తి దానికి ఉండవలెను. పది సెకండ్లకు ఒక వరుస చొప్పున లెక్క కడితే ఇది 111 గంటలు, అనగా నాలుగున్నర దినాలకు పైమాట. సిగ్నలు దొరికినప్పుడు దాచినదంతా పంపవలెను. అయితే అప్పటి తాజా కబురుకే మొదటి పీట; దాచిన కబుర్లు దాని వెనుక రావలెను. తాజా కబురుకు "ఎల్" గుర్తు, దాచి పంపిన పాత కబురుకు "హెచ్" గుర్తు.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి విప్పి చూడండి. 11.05కు గాజులపల్లె వద్ద సిగ్నలు దొరకగానే యంత్రం తాజా కబురు పంపింది. వెనువెంటనే అడవిలో రాసుకొన్నవాటిని మొదటి నుండి పంపసాగింది. పచ్చెర్ల నాటి వరుసలు పోవుచుండగా సిగ్నలు మరల తెగింది. జతచేసిన ప్రోగ్రాము "ఎల్", "హెచ్" అక్షరాలను చూడలేదు. వరుసలోని వేళను చూడలేదు. చివరగా వచ్చిన కబురును గడిలో పెట్టి, పక్కన 11.20 అని వేసింది. బండి పచ్చెర్లలో ఉన్న మాట నిజమే. కాని 11.20కి కాదు, చాలా ముందు. కబురు అబద్ధమాడలేదు, యంత్రం చెడలేదు, డ్రైవరు తప్పు చేయలేదు. వచ్చిన వేళను జరిగిన వేళ అనుకొనుట ఒక్కటే తప్పు.

మా తెలుగు విభాగపు విద్యార్థులకు ఈ తప్పు కొత్తది కాదు. ప్రాచీన కావ్యాల తాళపత్రాలను పరిష్కరించేవారు మొట్టమొదట నేర్చుకొనే పాఠమే ఇది. నూరేళ్ల క్రితం రాసిన ప్రతిలో నాలుగు వందల ఏళ్ల నాటి పాఠం ఉండవచ్చును. దానికంటె పాత ప్రతిలో కొత్త పాఠం చొరబడి ఉండవచ్చును. ప్రతి వయసు వేరు, పాఠం వయసు వేరు. వేమన పద్యాలను ప్రకటించుటకు సి.పి. బ్రౌను (1798–1884) అనేక ప్రతులను తెప్పించి, పండితులచేత సరిచూపించిన సంగతి మన విద్యార్థులు చదివి ఉన్నారు. భిన్న పాఠములు కనబడినప్పుడు ఒకదానిని చెరిపివేయుట పరిష్కర్త పని కాదు. రెంటినీ ఉంచి, ఏది ఎక్కడిదో తెలుపవలెను. లారీ ఆఫీసు ప్రోగ్రాముకు కావలసినది ఈ బుద్ధియే.

ఇక్కడ ఒక అపోహను తీసివేయవలెను. అడవిలో జి.పి.ఎస్. పనిచేయదని చాలమంది అంటారు. ఉపగ్రహాలు తమ సంకేతాలను ఎడతెగక పంపుతూనే ఉంటాయి. యంత్రం వాటిని విని, తాను ఎక్కడున్నదో తానే లెక్కకట్టుకొనును. దీనికి ఫోను టవరుతో సంబంధం లేదు. కొండ చరియల నడుమ, దట్టమైన చెట్ల కింద లెక్కలో కొంత తేడా రావచ్చును, సొరంగంలో అసలే అందకపోవచ్చును. కాని నల్లమల రోడ్డు మీద చాలవరకు బండికి తన చోటు తెలియును. తెలియనిది ఆఫీసుకు. పైపెచ్చు ఉపగ్రహాల వేళ ఎంతో ఖచ్చితమైనది కనుక, జరిగిన వేళను యంత్రమే చెప్పగలదు. డ్రైవరు చేతి ఫోనుతో నడిచే జాడ విధానాలలో ఈ భరోసా తక్కువ. ఫోను గడియారాన్ని ఎవరైనా ముందుకో వెనుకకో తిప్పి ఉండవచ్చు. అందుకని ప్రతి కబురుకు వరుస సంఖ్య కూడా వేయుట మంచిది. వేర్వేరు చోట్ల ఉన్న గడియారాలు ఒకదానితో ఒకటి సరిపడనప్పుడు ఏది ముందు, ఏది వెనుక అని నిర్ణయించుట ఎట్లన్న ప్రశ్న మీద లెస్లీ లాంపోర్టు అనే శాస్త్రజ్ఞుడు 1978లో ప్రకటించిన పరిశోధన పత్రం నేటికీ పఠనీయమని ఆ శాస్త్రం చదివినవారు చెప్పుచున్నారు.

ఇక జతచేయు విధానం. పాత ప్రోగ్రామును పారవేసి కొత్తది కొనుట మొదటి సలహాగా వచ్చును. అమ్మేవారు తప్పక ఇచ్చే సలహా అది. మేము దీనికి సుముఖులము కాము. ఏ డ్రైవరుకు ఏ దారిలో ఎంత బత్తా, ఏ బండి ఎంత బరువుకు మించి ఎత్తరాదు, ఏ ఖాతాదారు లెక్క ఏ దినం కట్టవలెను అనే ఇరవై ఏళ్ల అనుభవం ఆ నల్లని తెర వెనుక ఉన్నది. దానిని రాసినవాడు ఇప్పుడు ఏ ఊరిలో ఉన్నాడో ఎవరికీ తెలియదు. పాత ప్రోగ్రాము పట్టికలలోనికి కొత్త యంత్రం చేత నేరుగా రాయించుట రెండవ విధానం. మన లారీ ఆఫీసువారు చేసినది ఇదే, ఫలితం చూచితిమి.

మూడవది, రెంటి నడుమ ఒక దుబాసీని పెట్టుట. కంపెనీ కాలంలో దొరకు రైతు భాష రాదు, రైతుకు దొర భాష రాదు. నడుమ దుబాసీ రెండు భాషలు ఎరిగినవాడు. ఇక్కడ కూడా జాడ యంత్రం మాట పాత ప్రోగ్రాముకు నేరుగా వినిపించరాదు. ఇద్దరి మాటా దుబాసీ ప్రోగ్రాము వినవలెను. ఈ దుబాసీ వద్ద తనదైన చిట్టా ఒకటి ఉండవలెను. మన మార్కాపురం పిల్లలకు పలకకు, చిట్టాకు భేదం చెప్పనక్కరలేదు. పలక మీద రాసినది చెరిపి మరొకటి రాస్తాము. చిట్టాలో చెరపరాదు, కింద మరొక వరుస రాయవలెను. పాత ప్రోగ్రాములోని "ఉన్న చోటు" గడి ఒక పలక. దాని వెనుక చిట్టా లేకపోవుటచే ఆ రాత్రి నిజం చెరిగిపోయింది.

చిట్టాలో ప్రతి కబురుకు రెండు వేళలు ఉండవలెను: బండి అక్కడ ఉన్న వేళ ఒకటి, కబురు మనకు అందిన వేళ ఒకటి. దుబాసీ పలక మీది పేరును మార్చుటకు ముందు ఒక్క ప్రశ్న వేసుకొనవలెను. ఇప్పుడు వచ్చిన కబురులోని జరిగిన వేళ, పలక మీద ఉన్నదాని కంటె తరువాతిదేనా? అవును అయితే మార్చవలెను. కాకపోతే చిట్టాలో మాత్రం రాసి ఊరకుండవలెను. ఇంత చిన్న ప్రశ్నకు ఒక మనిషి పరువు ముడిపడి ఉన్నది.

తరువాతది రసీదు. బండి పంపిన కబురు ఆఫీసుకు చేరినదో లేదో బండికి తెలియవలెను. ఆఫీసు రసీదు పంపును. రసీదు అందేవరకు బండి తన నకలును దాచి ఉంచుకొనును. కాని కబురు చేరి, రసీదు దారిలో పోయినచో? బండి అదే కబురును మరల పంపును. అప్పుడు ఆఫీసులో ఒకే సంగతి రెండు సార్లు దాఖలగును. ఒకే చోట సరుకు రెండు సార్లు దించినట్లు, రెండు బత్తాలు ఇవ్వవలసినట్లు లెక్క తేలును. దీనికి మందు వరుస సంఖ్యయే. బండి నంబరు, వరుస సంఖ్య రెండూ కలిసిన కబురు ముందే చిట్టాలో ఉంటే దానిని మరల దాఖలు చేయక, రసీదు మాత్రం మరల పంపవలెను. (రసీదు, దాఖలా, నకలు, తారీఖు – ఈ వ్యాసంలో మాకు పదే పదే అవసరమవుతున్న మాటలన్నీ పారశీ, అరబ్బీల నుండి కచేరీల ద్వారా తెలుగులోనికి వచ్చినవే. నమ్మకంగా కాగితం నడిపించుట ఎట్లో ఆ కచేరీలు బాగుగా ఎరుగును. మా ఉర్దూ విభాగపు మిత్రులు దీని మీద ప్రత్యేకంగా రాయవలెనని కోరుతున్నాము.)

సిగ్నలు లేకున్నా రాసుకొని, తరువాత అప్పజెప్పుట మన ప్రాంతానికి వింత కాదు. ఆర్.టి.సి. కండక్టర్ల చేతి టిక్కెట్టు యంత్రాన్ని చూడండి. డిపోలో ఛార్జీల పట్టికను దానిలో నింపి ఇస్తారు. దారి పొడవునా ఎవరినీ అడగకుండ అది టిక్కెట్టు ఇచ్చును. డ్యూటీ ముగిసిన తరువాత డిపోలో లెక్క అప్పజెప్పును. ఇటీవల నెట్టుతో కలిసిన యంత్రాలు వచ్చినవి. అయినను సిగ్నలు లేదని కండక్టరు టిక్కెట్టు ఇయ్యక ఊరుకొన్నచో బస్సు నడవదు. అందువల్ల, ముందు తనలో రాసుకొనుట, వీలైనప్పుడు చెప్పుట అనే క్రమం తప్పదు.

ఇంతవరకు బండి నుండి ఆఫీసుకు వచ్చే మాటలను చూచితిమి. ఆఫీసు నుండి బండికి పోయే మాటలు ఇంతకంటె కష్టమైనవి. లారీ అడవిలో ఉండగా ఆఫీసు "నంద్యాలలో దించవద్దు, నేరుగా బెంగళూరుకు పొమ్ము" అని తెర మీద మార్చినదనుకొందము. డ్రైవరుకు అది అందలేదు; నంద్యాలలో దించాడు. తెర ప్రకారం డ్రైవరు ఆజ్ఞ మీరినవాడు. దీనికి మాకు తోచిన నియమం ఇది: ఏమి జరిగినదన్న విషయంలో బండి మాట చెల్లవలెను, ఏమి జరగవలెనన్న విషయంలో ఆఫీసు మాట చెల్లవలెను, కాని ఆఫీసు ఆజ్ఞ పంపిన క్షణం నుండి కాక, డ్రైవరు రసీదు ఇచ్చిన క్షణం నుండి అమలులోనికి వచ్చినట్లు లెక్క. తాఖీదు అందనిదే దోషం లేదనుట లోకమెరిగిన న్యాయం. తెర మీద ఆజ్ఞ పక్కన "పంపబడినది" అని ఒకటి, "అందినది" అని మరొకటి వేర్వేరుగా కనబడవలెను. రెంటినీ ఒకే పచ్చ గుర్తుతో చూపే ప్రోగ్రాములను మేము కొన్నింటిని చూచితిమి. అవి ప్రమాదకరములు.

ఎంత ప్రమాదమో లారీల సంగతిలో కంటె అంబులెన్సుల సంగతిలో తెలియును. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైనది. ఫోను అందుకొనే కేంద్రం ఒక చోట, బండ్లు రాష్ట్రమంతటా. కేంద్రంలోనివారు రోగికి దగ్గరగా ఉన్న బండిని ఎంచి పంపవలెను. 2020 జూలై 1న విజయవాడలో 108, 104 సేవలకు చెందిన 1,088 వాహనాలను ఒకేనాడు ప్రారంభించారు. ఇట్టి సేవకు మన పశ్చిమ ప్రకాశం ఒక పరీక్షాస్థలం. యర్రగొండపాలెం అడవిలోని పాలుట్ల వంటి చెంచు గూడెములు, దోర్నాల నుండి శ్రీశైలం పోయే ఘాటు రోడ్డు, గిద్దలూరు–నంద్యాల మార్గం – అన్నీ మాట అందని, లేదా తెగి తెగి అందే చోట్లే.

ఒక బండి ఇరవై నిముషాల క్రితం ఒక చోట కనబడినది అనుకొందము. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోవు బండి ఆ ఇరవై నిముషాలలో 13 కిలోమీటర్లకు పైగా పోగలదు. కావున పటం మీద ఆ బండిని ఒక చుక్కగా చూపుట న్యాయం కాదు. 13 కిలోమీటర్ల రోడ్డుగా చూపవలెను. మాట లేని ప్రతి నిముషానికి ఆ గీత పొడుగు కావలెను. చుక్కను చూచి "దగ్గరలోనే ఉన్నది" అని కేంద్రంలోనివారు ఆ బండికే పని అప్పగించి, రసీదు కోసం చూస్తూ కూర్చున్నచో, పురిటి నొప్పులు పడుచున్న తల్లి కూడా వారితో పాటు చూస్తూ ఉండవలెను. కనుక రసీదుకు ఒక గడువు ఉండవలెను. నిముషమో, రెండు నిముషములో. గడువు దాటితే మాట అందుతున్న మరొక బండికి, అది కొంచెం దూరమైనను, పని అప్పగించవలెను. మొదటి బండికి రద్దు కబురు పంపవలెను. అది అడవి నుండి బయటకు వచ్చిన పిమ్మట రెండు కబుర్లూ కలిసి అందును. వరుస సంఖ్య ప్రకారం రద్దు తరువాతిదని డ్రైవరుకు తెలియును. రెండు బండ్లు ఒకే చోటికి పోయినను పోవచ్చును. ఆ దుబారాను మేము తప్పుపట్టము.

అర్జీ సంగతి చెప్పనే లేదు. మేము రెండు పుటలలో రాసి ఇచ్చితిమి. "ఎల్", "హెచ్" వరుసలను జరిగిన వేళ ప్రకారం సర్ది, అచ్చు కాగితాలను జతపరచితిమి. ఆ వరుసలో చూస్తే బండి దిగువమెట్ట, పచ్చెర్ల, గాజులపల్లె అని ఒక్క అడుగు వెనుకకు వేయక నడిచినది. యజమాని బత్తా ఇచ్చాడు. అన్న మాటను వెనుకకు తీసుకొన్నాడో లేదో మాకు తెలియదు. ఆ డ్రైవరు మాత్రం ఆ నెల చివర మరొక ఆఫీసులో చేరినాడు. జతచేసే ప్రోగ్రామును తరువాత మార్పించారు. ఇప్పుడు ఆ నల్లని తెర మీద గడి పక్కన రెండు వేళలు కనబడుతున్నవి. దిగువమెట్ట దాటిన బండికి "9.40 తరువాత మాట లేదు" అని పడుచున్నది. ఇది చూచి యజమాని మొదట విసుగుకొన్నాడని, తనకు తెలియదని ఒప్పుకొనే ప్రోగ్రాముకు డబ్బెందుకు ఇవ్వవలెనని అడిగినాడని గుమాస్తా చెప్పాడు.

ఒక పని మిగిలి ఉన్నది. మార్కాపురం నుండి నంద్యాల వరకు, దోర్నాల నుండి శ్రీశైలం వరకు సిగ్నలు సరిగా ఏ మైలురాయి వద్ద పోవుచున్నది, ఏ మైలురాయి వద్ద వచ్చుచున్నది అన్న పట్టిక మేము వెదకినంతలో దొరకలేదు. ఒక్కొక్క కంపెనీ సిగ్నలుకు ఒక్కొక్క తీరు కనుక నాలుగైదు ఫోనులు, ఒక నోటుపుస్తకం, కిటికీ పక్కన కూర్చొని మైలురాళ్లు చదివే ఇద్దరు విద్యార్థులు ఉంటే చాలును. వర్షాకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి చూడవలెను. ఆకులు దట్టంగా ఉన్నప్పటికీ రాలినప్పటికీ తేడా ఉండవచ్చును. కళాశాల కమిటీవారు బస్సు ఛార్జీల మటుకు మంజూరు చేసినచో, రాబోయే సంవత్సరపు సంచికకు ఆ పట్టికను మా విద్యార్థులచేత తయారు చేయించగలము.